తుంటి పక్కన చేతికి తగిలే ఎముక కీలు కాదు

"తుంటి కీలు అరిగిపోయిందండీ" అంటూ నల్లగొండలో మా ఫిజియోథెరపీ గదికి వచ్చేవారిని ముందు ఒక్కటే అడుగుతాను: నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమని. చాలామంది వేలు తొడ పైభాగాన, పక్కగా, గట్టిగా తగిలే బొడిపె మీదికే వెళ్తుంది. అది కీలు కాదు. తొడ ఎముక పైచివర బయటివైపు పొడుచుకొచ్చిన భాగం, దాని పేరు గ్రేటర్ ట్రోకాంటర్. అసలు కీలు దానికి లోపలివైపు, గజ్జ దగ్గర లోతున ఉంటుంది. కీలు అరిగినవారు ఎక్కువగా గజ్జనే చూపిస్తారు.

మీరే తడిమి చూడండి. నడుము పక్కన తగిలే ఎముక అంచు నుంచి బెత్తెడు కిందికి వేళ్లు దించి, పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి. వేళ్ల కింద ఏదో దొర్లినట్టు ఉంటే అదే. కదలకపోతే ఇంకెక్కడో పట్టుకున్నారన్నమాట.

"ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముక పెరిగింది" అన్నది మర్రిగూడ, మునుగోడు వైపు వారి మాట. వారిని తప్పుపట్టలేను, ఫ్లోరోసిస్‌తో నడుము వంగినవారిని చూస్తూ పెరిగారు. అయితే ఆ జబ్బు ఎక్కువగా వెన్నును, చాలా కీళ్లను బిగదీస్తుంది. ఒక్క పక్కనే నొప్పి, అదీ ఆ వైపు ఒత్తిగిలి పడుకున్నప్పుడు, మెట్లు ఎక్కుతున్నప్పుడు వస్తుంటే, నేను ముందుగా అనుమానించేది ఆ బొడిపెకు అతుక్కున్న పిరుదు కండరాల స్నాయువులను. నలభై దాటిన ఆడవారిలో ఇది ఎక్కువ.

బొడిపె పుట్టుకతో వచ్చిన నిర్మాణమే, గట్టిగా రుద్దితే కరిగే గడ్డ కాదు. ఒకామె వేడి ఇటుకతో కాపడం పెట్టుకుని, చర్మం కమిలి నల్లబడి వచ్చింది. నొప్పి మాత్రం అలాగే ఉంది. ఆమెకు కావలసింది మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని రెండో వైపు పడుకోవడం, కాలు మీద కాలు వేసుకోవడం మానడం, పిరుదు కండరాలకు మెల్లగా బలం పెంచే వ్యాయామం. వారాలు పడుతుంది, రెండు రోజుల్లో తగ్గదు.

పెద్దవారు జారిపడినప్పుడు "బెణుకేలే" అనుకోవడం మాత్రం ప్రమాదకరం. ట్రోకాంటర్ దగ్గర ఎముక విరిగితే తరచుగా కాలు పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి ఒరుగుతుంది. నూనె రాయకుండా, కాలు లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, పడుకుంటే అతుక్కుంటుంది" అంటారు. నెలల తరబడి మంచం మీదే ఉంటే పుండ్లు, న్యుమోనియా, సిరల్లో రక్తం గడ్డకట్టడం తోడవుతాయి. చాలామందికి ఆపరేషన్ చేసేది త్వరగా లేపి కూర్చోబెట్టడానికే. నాటు కట్టు కోసం బయలుదేరిన ఆటోను నేను బతిమాలి ఆసుపత్రి వైపు తిప్పించిన రోజులూ ఉన్నాయి.