బలమే విషమయ్యే పొద

మొక్క నీరసించిందంటే గుప్పెడు డీఏపీ ఎరువు చల్లడం మనకు అలవాటు. సిడ్నీ చుట్టుపక్కల ఇసుకరాతి నేలల్లో పెరిగే బాంక్సియా ఎరిసిఫోలియా అనే పొదకు ఆ సేవ చేస్తే ఆకులు పసుపుబారి, అంచులు మాడి, పొద పొదంతా చచ్చిపోవచ్చు. అక్కడ స్థిరపడిన మనవాళ్లు పెరట్లో దీన్ని నాటితే ఎముకల పొడి, కోళ్ల ఎరువు దూరంగా ఉంచడం మంచిది.

అసలు సంగతి ఈ ఎరువుల్లో ఉండే భాస్వరంలో ఉంది. ఆస్ట్రేలియా నేలలు చాలా పాతవి. యుగాల తరబడి కురిసిన వానలకు అందులోని భాస్వరం చాలావరకు కొట్టుకుపోయింది. మిగిలిన కాస్తా ఇనుము, అల్యూమినియంలను అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని రాబట్టడానికి బాంక్సియా నేల పైపొరలో సన్నని పిల్లవేళ్లను గుత్తులు గుత్తులుగా పెంచుతుంది. అవి సిట్రేటు వంటి పదార్థాలను మట్టిలోకి వదిలి, విడివడిన భాస్వరాన్ని పీల్చుకుంటాయి. కరువులో పుట్టిన మొక్క కదా, దొరికినంతా లాక్కోవడమే తెలుసు. ఇక చాలు అనడం దాదాపు తెలియదు. అందుకే ఎరువు వేస్తే ఎక్కువైన భాస్వరమే దానికి విషమవుతుంది.

1770లో బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ నౌకలో వచ్చిన వృక్షశాస్త్రవేత్తలు జోసెఫ్ బ్యాంక్స్, సోలాండర్ సిడ్నీ దగ్గరి బాటనీ బే అనే అఖాతం వద్ద సేకరించిన మొక్కల్లో ఇదీ ఉంది. 1782లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ కుమారుడు ఈ జాతికి బ్యాంక్స్ పేరు పెట్టాడు.

నారింజ రంగు కంకి నిండా వందల పూలుంటాయి, కాయలయ్యేవి మాత్రం కొన్నే. చెక్కలా గట్టిపడిన ఆ కాయలు ఏళ్ల తరబడి కొమ్మమీదే నోరు మూసుకుని కూర్చుంటాయి. కార్చిచ్చు వచ్చి తల్లి మొక్క కాలిపోయాకే తెరుచుకుని, రెక్కల గింజలను బూడిదలోకి వదులుతాయి. కొత్త మొక్కలు పూతకు రాకముందే మళ్లీ మంటలొస్తే ఆ చోట వంశమే అంతరిస్తుంది.

మరి తోటమాలి నిప్పు ఎక్కడ తెస్తాడు? వంటింట్లోంచి! ఎండిన కంకిని ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచితే కాయలు పగులుతాయి. లోపలి రెండు గింజల మధ్య ఒక చెక్క బిళ్ల ఉంటుంది, దాన్ని గింజనుకుని నాటేవారూ లేకపోలేదు. నల్లటి గింజలను ఇసుక ఎక్కువగా ఉన్న మిశ్రమంలో పలుచగా కప్పి, తడి ఆరకుండా చూస్తే కొన్ని వారాల్లో మొలుస్తాయి. నీరు నిలిస్తే మాత్రం వేళ్లు కుళ్లుతాయి.

గింజ మొక్క పూయడానికి ఏళ్లు పడుతుంది, పైగా తల్లి పోలికే వస్తుందన్న హామీ లేదు. అందుకే నచ్చిన రకాన్ని కొమ్మ నాటి పెంచుతారు. వేసవి చివర్లో, కాస్త ముదిరిన జానెడు లోపు కొమ్మను తుంచి, కింది ఆకులు తీసి, వేళ్లు పుట్టించే హార్మోను పొడిలో అద్ది ఇసుకలో గుచ్చుతారు. పొద పెద్దదయ్యాక కత్తిరింపు ఆకులున్న మేరకే. ముదిరిన మోడు కొమ్మ దాకా నరికితే మళ్లీ చిగురించదు.