చదువు మానేశారా, మాన్పించారా?

అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లల చదువు గురించి ఎవరు మాట్లాడినా ముందు వచ్చే మాట ‘డ్రాపౌట్’. 2000లో 16 నుంచి 24 ఏళ్ల హిస్పానిక్ యువతలో దాదాపు 28 శాతం మంది హైస్కూల్ పూర్తిచేయకుండానే బడికి దూరమయ్యారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అది 8 శాతం దగ్గరికి దిగింది. పిల్లలకు శ్రద్ధ లేదని, తల్లిదండ్రులకు పట్టింపు లేదని చాలాకాలం అన్నారు. పాత రికార్డులు మాత్రం వేరే కథ చెబుతాయి.

1940ల్లో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ పిల్లలకు విడి బడులు ఉండేవి. వెస్ట్‌మిన్‌స్టర్‌లో మెండెజ్ కుటుంబం పిల్లల్ని వాళ్ల మేనత్త తెల్లవాళ్ల బడికి తీసుకెళ్లింది. ఒంటి రంగు తెలుపు, ఇంటిపేరు ఫ్రెంచి పేరులా వినిపిస్తుంది కాబట్టి ఆమె సొంత పిల్లల్ని చేర్చుకుంటామన్నారు, మెండెజ్ పిల్లల్ని కుదరదన్నారు. ఆమె ఎవరినీ చేర్చకుండా వెనక్కి వచ్చేసింది. తండ్రి గొంజాలో మరో నాలుగు కుటుంబాలతో కలిసి 1945లో కోర్టుకెక్కాడు. ఇంగ్లిష్ రాదు కాబట్టే విడిగా పెట్టామన్నది బడుల వాదన. మెండెజ్ పిల్లలు ఇంగ్లిష్ చక్కగా మాట్లాడేవాళ్లు! 1946లో తీర్పు తల్లిదండ్రుల వైపే వచ్చింది, మరుసటి ఏడాది అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. నల్లజాతి పిల్లలకు విడి బడులు చెల్లవన్న ప్రసిద్ధ బ్రౌన్ తీర్పుకు ఇది ఏడేళ్లు ముందు.

గేటు తెరిచారు గానీ లోపల పెద్దగా మారలేదు. తూర్పు లాస్ ఏంజిలెస్ బడుల్లో స్పానిష్ మాట్లాడితే శిక్ష ఉండేది. కాలేజీకి వెళ్తానన్న పిల్లల్ని వడ్రంగం, కుట్టుపని లాంటి క్లాసులకు తోసేవాళ్లు. 1968 మార్చిలో వేలమంది విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. రెండు భాషల్లో బోధన, తమ చరిత్రకు పాఠాల్లో చోటు, కాలేజీకి పనికొచ్చే క్లాసులు కావాలన్నారు. వాళ్లకు అండగా నిలిచిన టీచర్ సాల్ క్యాస్ట్రోతో సహా 13 మందిపై కుట్ర కేసు పెట్టారు. ఆ కేసు చివరికి నిలవలేదు. బడి వదిలి వెళ్లడం కూడా ఒక డిమాండే అని అధికారులకు అప్పుడైనా అర్థమైందో లేదో!

అదే ఏడాది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ పిల్లలు కూడా బయటికొచ్చారు. అక్కడ బాధ డబ్బుది. అదే ప్రాంతంలోని సంపన్న స్కూల్ డిస్ట్రిక్ట్ (బడులు నడిపే స్థానిక విభాగం) అలమో హైట్స్‌లో ఒక్కో విద్యార్థికి 594 డాలర్లు, ఎడ్జ్‌వుడ్‌లో 356. బడి నిధులు చాలావరకు స్థానిక ఆస్తి పన్నుల మీద నడుస్తాయి. ఎడ్జ్‌వుడ్ వాళ్లు ఎక్కువ రేటున పన్ను కట్టినా ఇళ్ల విలువే తక్కువ కాబట్టి వచ్చేది తక్కువే. తల్లిదండ్రులు వేసిన కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఈ తేడా రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1973లో 5-4 తేడాతో కోర్టు తేల్చింది. నా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికన్నా గట్టి దెబ్బ ఇదే.

చదివి చూపించినా అనుమానం పోలేదు. 1982లో తూర్పు లాస్ ఏంజిలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్‌లో లెక్కల మాస్టారు హైమే ఎస్కలాంటె దగ్గర 18 మంది కాలేజీ స్థాయి కాలిక్యులస్ పరీక్ష పాసయ్యారు. వాళ్లలో 14 మంది కాపీ కొట్టారని పరీక్ష సంస్థ సందేహించింది. మళ్లీ రాసిన 12 మందీ పాసయ్యారు.

కాలేజీల వైపు సాయం ఆలస్యంగా వచ్చింది. విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్ పిల్లలున్న కాలేజీలను 1992లో చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. ఇప్పుడవి 600 దాకా ఉన్నాయి. మన పిల్లలు ఎంఎస్ కోసం పోటీపడి చేరే టెక్సస్ ఆర్లింగ్టన్ యూనివర్సిటీ కూడా వాటిలో ఒకటే. ఇలాంటి కాలేజీలకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లతో ట్యూటరింగ్, ల్యాబులు, కౌన్సెలర్లు ఏర్పాటు చేసుకుంటే ఆ క్యాంపస్‌లో చదివే అందరికీ ఉపయోగమే. 2025 సెప్టెంబరులో, జాతి ఆధారంగా ఇచ్చే సాయం రాజ్యాంగబద్ధం కాదంటూ, వీటితోపాటు ఇతర మైనారిటీ విద్యాసంస్థల గ్రాంట్లు కలిపి సుమారు 35 కోట్ల డాలర్లను ట్రంప్ ప్రభుత్వ విద్యాశాఖ ఆపేసింది.