ఎండ మండినంత మాత్రాన అద్దాల కరెంటు చవకవదు

మొన్న అనంతపురం వైపు నుంచి ఓ రైతు ఫోన్. "సార్, మా పక్క ఎండ నిప్పులు కురుస్తాది. అద్దాల సోలార్ ప్లాంటు వస్తాదంట, పొలం లీజుకు రాసుకోవాలంటే ముందు ఇరవై వేలు కట్టమంటాండారు. కట్టేదా?" వద్దన్నాను. లీజుకు తీసుకునేవాడు మీకివ్వాలి గానీ మీ దగ్గర వసూలు చేయడమేంటి? ఇలాంటి ఫోన్లు నాకు మామూలే. ఆయన్ని తప్పుపట్టను. ఎండుంటే చాలనుకుని బాగా చదువుకున్నవాళ్లే లెక్క తప్పారు, అదీ కోట్లలో.

అపోహ: ఎండ ఎక్కువుంటే సోలార్ థర్మల్‌కి తిరుగులేదు.

సోలార్ థర్మల్ అంటే అద్దాలతో ఎండని ఒకచోటికి చేర్చి, ఆ వేడితో టర్బైన్ తిప్పే ప్లాంటు. అద్దానికి కావాల్సింది వేడి కాదు, సూర్యుడి నుంచి తిన్నగా వచ్చే కిరణం. మేం డీఎన్ఐ అనేది దాన్నే. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చారుగా? ఆకాశం తెల్లగా పాలిపోయిన రోజు ఎంతసేపు పట్టుకున్నా అంటుకోదు. దుమ్ముకీ తేమకీ చెదిరిన వెలుతురుని ప్యానెల్ వాడుకుంటుంది, అద్దం ఒకచోటికి చేర్చలేదు. రాయలసీమలో కొలతల పనిలో ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే, తిన్నగా వచ్చే కిరణాన్ని కొలిచే పైర్‌హీలియోమీటర్ గాజు తుడవడం నా డ్యూటీ. ఓ మే మధ్యాహ్నం, చెప్పులున్నా కాళ్లు చురుక్కుమంటున్నాయి, రీడింగ్ చూస్తే జనవరి కంటే తక్కువ! పరికరం పాడైందనుకుని మళ్లీ తుడిచా. కిందికి చూస్తే నా నీడకి అంచే లేదు.

ఈ ప్లాంటుకి ఇంధనం కొనక్కర్లేదు. డబ్బంతా మొదట్లోనే అద్దాలకీ గొట్టాలకీ టర్బైన్‌కీ పోస్తాం. కిరణం తగ్గితే యూనిట్లు తగ్గుతాయి, బ్యాంకు వాయిదా తగ్గదు. జాతీయ సోలార్ మిషన్ తొలి దశలో, 2010లో, ఈ అద్దాల ప్లాంట్లకి 470 మెగావాట్లు కేటాయిస్తే సగం కూడా పూర్తి కాలేదు. శాటిలైట్ అంచనాలతో బిడ్లు వేశాక నేల మీద కొలిస్తే డీఎన్ఐ తక్కువొచ్చింది. అనంతపురం జిల్లా నాగలాపురంలో 50 మెగావాట్లది మాత్రం 2014లో నిలబడింది.

అపోహ: ప్యానెళ్లలాగే ఇదీ కారుచవకవుతుంది.

తగ్గింది. 2010 నుంచి 2023కి ప్రపంచ సగటు యూనిట్ ఖర్చు దాదాపు 70 శాతం. కానీ ప్యానెల్ ఫ్యాక్టరీ సరుకు, ఇది సైటులో ఒక్కోటి కట్టుకునే పవర్ ప్లాంటు. 2023 చివరికి ప్రపంచం మొత్తం కలిపినా 7 గిగావాట్ల దరిదాపులే.

అపోహ: అయితే దీని పని అయిపోయింది.

చైనా కడుతూనే ఉంది. దుబాయ్‌లో 700 మెగావాట్లకి యూనిట్‌కి 7.3 అమెరికా సెంట్ల రేటు కుదిరింది, కరిగిన ఉప్పులో వేడి దాచి రాత్రంతా నడిపేది. దాన్ని మిట్టమధ్యాహ్నపు ప్యానెల్ రేటుతో పోల్చకండి బాబూ, పోల్చాల్సింది ప్యానెల్‌కి బ్యాటరీ కలిపిన రేటుతో. ఆ బ్యాటరీ ధర పడిపోతున్న తీరు చూస్తే మన దగ్గర ఇవి వరసగా లేస్తాయని నాకు నమ్మకం లేదు.

నిన్న ఆ రైతే మళ్లీ చేశాడు. తను కట్టలేదంట, బావమరిది కట్టేశాడంట. రసీదుందా అనడిగితే, "వాట్సాప్‌లో మెసేజ్ ఉండాది సార్" అన్నాడు.