కొలబద్దలు కుంచించుకుపోయే లోకంలో జ్యామితి

ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పోయెంకారే 1902లో వెలువరించిన ఒక గ్రంథంలో గోళాకారపు ఊహాలోకాన్ని వర్ణించాడు. దాని కేంద్రంలో వేడి అత్యధికంగా ఉండి, అంచుకు చేరేకొద్దీ తగ్గుతూ, ఉపరితలం వద్ద పరమశూన్యమవుతుంది, అంటే అంతకన్నా చల్లబడడం సాధ్యంకాని స్థితికి చేరుతుంది. కొలబద్దలతోనూ మనుషుల దేహాలతోనూ సహా అక్కడి వస్తువులన్నీ ఆ వేడికి తగ్గట్టు ఒకే నిష్పత్తిలో కుంచించుకుంటాయి. (కీలకమంతా ఇక్కడే ఉంది: ఇనుమూ కర్రా వేర్వేరుగా కుంచించుకుంటే గుట్టు వెంటనే బయటపడేది.) అంచువైపు నడిచేవాడి అడుగు క్రమంగా చిన్నదవుతుంది కనుక అతడు ఎన్నటికీ అంచును చేరలేడు, తన లోకం అనంతమనే నమ్ముతాడు. కాంతి కూడా అందుకు అనుగుణంగానే వంగుతుంది కాబట్టి, అక్కడివారు త్రిభుజాన్ని కొలిస్తే కోణాల మొత్తం 180 డిగ్రీలకన్నా తక్కువ వస్తుంది. వారికి సహజంగా తోచేది రష్యన్ గణితవేత్త లొబచేవ్‌స్కీ 1829లో ప్రకటించిన, యూక్లిడ్‌కు భిన్నమైన జ్యామితి.

బయటినుంచి చూసే మనం స్థలం మనం బడిలో నేర్చుకునే యూక్లిడ్ జ్యామితి చెప్పినట్లే ఉందనీ, కొలబద్దలే మారుతున్నాయనీ అంటాం. వారు కొలబద్దలు సరిగానే ఉన్నాయనీ, స్థలమే వేరనీ అంటారు. ఈ తగవును ఏ కొలతా తీర్చలేదు. ఏ కొలతైనా జ్యామితిని ఒంటరిగా పరీక్షించదు. కొలబద్దలూ కాంతికిరణాలూ పాటించే భౌతిక నియమాలతో కలిపే పరీక్షిస్తుంది. అందుచేత జ్యామితి స్వీకృతాలు (రుజువు లేకుండా మొదటే ఒప్పుకునే సూత్రాలు) మనం చేసుకున్న ఒడంబడికలని పోయెంకారే వాదించాడు. అంతమాత్రాన అవి ఇష్టారాజ్యం కావు; అనుభవం చూపే దారిలో సౌలభ్యాన్ని బట్టి మనం ఎంచుకుంటాం.

ఈ తర్కంలో నాకు లోపం కనిపించదు. దారి తప్పింది ఆయన జోస్యం. యూక్లిడ్ జ్యామితి అన్నిటికన్నా సరళం కనుక, నక్షత్రకాంతి వింతగా ప్రవర్తించినా శాస్త్రజ్ఞులు కాంతి నియమాలనే సవరించుకుంటారని ఆయన భావించాడు. ఆయన 1912లో మరణించగా, 1915లో ఐన్‌స్టైన్ గురుత్వాన్ని స్థలకాల వక్రతగా, అంటే స్థలమూ కాలమూ కలిసిన అల్లికలోని వంపుగా వివరించాడు. ఆ ఊహాలోకపు వేడి మాదిరిగానే గురుత్వం కూడా పదార్థభేదం చూడదు. పోయెంకారే జ్యామితి సరళతను మాత్రమే తూచాడు. ఐన్‌స్టైన్ జ్యామితినీ భౌతికశాస్త్రాన్నీ కలిపి తూచి, మొత్తంమీద తేలికైనదాన్ని ఎంచుకున్నాడు. అయినా, సూత్రరీత్యా పోయెంకారే చెప్పిందే సరైనదని 1921లో బెర్లిన్‌లో చేసిన ప్రసంగంలో ఆయనే ఒప్పుకున్నాడు.

1983 నుంచి అటువంటి ఒడంబడికే మన మీటరును నిర్వచిస్తోంది. శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో సాగే దూరమే మీటరు కాబట్టి, ఇక ఏ ప్రయోగమూ కాంతివేగానికి వేరే అంకెను ఇవ్వలేదు. తేడా కనిపిస్తే సరిచేసుకోవలసింది కొలబద్దనే. అయితే శూన్యంలో కాంతివేగం దాన్ని వెలువరించే వస్తువు వేగాన్ని బట్టి మారేదైతే, ఈ నిర్వచనాన్ని ఎవరూ స్వీకరించేవారు కారు.