మ్యాజిక్ మీద అపోహలు - వాస్తవాలు: చేతివేగం నుంచి నెత్తురు నిమ్మకాయ దాకా

అపోహ: అంతా చేతివేగమే. కంటికి అందనంత చురుగ్గా చేతులు ఆడిస్తారు.

వాస్తవం: గబుక్కున కదిలిన చెయ్యే ముందు అనుమానం తెస్తుంది. మంచి హస్తలాఘవం తీరుబడిగా సాగుతుంది. నాణెం మాయం చేయడమే తీసుకోండి. పది రూపాయల బిళ్ళ అడ్డంగా 27 మిల్లీమీటర్లు ఉంటుంది, నేర్చుకోవడానికి చక్కగా సరిపోతుంది. దాన్ని కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు మొదట్లో పెట్టి అందరికీ చూపించండి. ఎడమ అరచేతిలోకి జారవిడుస్తున్నట్టు కుడిచేతిని బోర్లిస్తూ ఆ రెండు వేళ్ళూ కాస్త ముడిస్తే బిళ్ళ అక్కడే ఉండిపోతుంది. ఎడమ గుప్పిట ఖాళీగానే మూసుకుంటుంది. మీ చూపు దాని వెంటే వెళ్ళాలి, కుడిచెయ్యి మెల్లగా ఒంటి పక్కకు వాలిపోవాలి. గుప్పిట వెంటనే విప్పొద్దు. ఒక మాట మాట్లాడి, అప్పుడు ఒక్కో వేలే తెరవండి.

కొత్తవాళ్ళు దొరికిపోయే చోట్లు దాదాపు ఒకటే. బొటనవేలు కర్రలా పొడుచుకు వస్తుంది. బిళ్ళ ఉన్న చెయ్యి బిగుసుకుపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా, చేసేవాళ్ళే ఆ చేతివంక ఓసారి చూసుకుంటారు. అందుకే ముందు అద్దం ఎదుట ఇరవైసార్లయినా బిళ్ళను నిజంగానే ఎడమచేతిలో వెయ్యాలి. దొంగ కదలిక దానికి నకలులా ఉండాలి. నేర్చుకునేవాళ్ళు వదిలేసేది సరిగ్గా ఈ మెట్టునే.

అపోహ: అన్నీ చొక్కా చేతుల్లోంచే వస్తాయి.

వాస్తవం: వీధి గారడీవాళ్ళు పొట్టిచేతుల చొక్కాతో, చుట్టూ జనం ఉండగానే గిన్నెలు, బంతుల ఆట ఆడతారు. చూసేవాళ్ళు మూడు బంతులు లెక్కపెడతారు, ఆటలో నాలుగోది ఉంటుంది. గిన్నె మీది బొడిపెను రెండు వేళ్ళ మధ్య పట్టి దించేటప్పుడు అరచేతిలోని బంతి కిందకు చేరుతుంది. గట్టి బంతైతే గిన్నెకు తగిలి టక్కుమంటుంది, అందుకే గుడ్డ బంతులు వాడతారు.

అపోహ: కనికట్టు అంటే జనం మొత్తాన్ని హిప్నటైజ్ చేయడం.

వాస్తవం: ఫోన్‌లో తీసిన వీడియోలోనూ బిళ్ళ మాయమవుతుంది, కెమెరాను హిప్నటైజ్ చేయడం ఎవరి తరమూ కాదు. ఈ నమ్మకానికి బలమిచ్చింది ఇండియన్ రోప్ ట్రిక్ కథ. గాల్లో నిలిచిన తాడెక్కి కుర్రాడు మాయమయ్యాడనీ, ఫొటోలో మాత్రం ఏమీ పడలేదు కాబట్టి అది హిప్నాటిజమేననీ 1890లో అమెరికా పత్రిక షికాగో ట్రిబ్యూన్ రాసింది. కొన్ని నెలలకు అది కల్పితమని ఆ పత్రికే ఒప్పుకుంది. అప్పటికే కథ దేశాలు దాటిపోయింది.

అపోహ: గొప్ప పరికరం ఉంటే చాలు.

వాస్తవం: మనిషిని రంపంతో కోసే ఆటను ఇంగ్లిష్ మెజీషియన్ పి.టి. సెల్బిట్ 1921లోనే లండన్‌లో ప్రదర్శించాడు. 1956 ఏప్రిల్ 9న బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమాలో బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ ఈ కోత ఆట చూపించినప్పుడు అమ్మాయి లేవకముందే కార్యక్రమం ముగిసింది. ఆమె చచ్చిపోయిందేమోనని జనం స్టూడియోకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆట పాతదే, అది ఆగిన చోటే జనాన్ని అంతగా కుదిపింది.

అపోహ: నిమ్మకాయ కోస్తే నెత్తురు వచ్చిందంటే చేతబడే.

వాస్తవం: నేర్చుకునేవాళ్ళకు తప్ప ఆట గుట్టు విప్పడం మ్యాజిక్ చేసే మాకు ఇష్టం ఉండదు. కానీ ఈ ఒక్కదాన్ని చూపించి భయపెట్టి, డబ్బు గుంజేవాళ్ళున్నారు కాబట్టి దీన్ని దాచడం తప్పు. కత్తికి ముందే మందారపూల రసమో, ల్యాబ్‌లో వాడే మిథైల్ ఆరెంజ్ ద్రావణమో పూసి ఆరబెడతారు. పీహెచ్ అంటే ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ. మిథైల్ ఆరెంజ్ పీహెచ్ 4.4 పైన పసుపు, 3.1 కింద ఎరుపు. నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది కాబట్టి తగలగానే ఎర్రగా కారుతుంది. పూత మందమైతే కోయకముందే కత్తి మీద కనబడిపోతుంది. కాయ ఎండిపోయి ఉంటే రసం చాలక ఉత్త మరకే మిగులుతుంది.

ఎవరైనా మీ ఇంట్లో ఇది చేస్తానంటే కత్తిని సబ్బుతో కడిగి మీరే ఇవ్వండి. కాయ కూడా మీదే అవ్వాలి, సిరంజితో ముందే రంగు ఎక్కించే వీలుంది. కోసిన కాయను నోట పెట్టొద్దు, ఆ కత్తిని మళ్ళీ వంటకు వాడొద్దు. మిథైల్ ఆరెంజ్ కడుపులోకి పోతే విషం.