ఆ 72 శాతం ఎక్కడిది?

మెదడులో నరం చిట్లి ఒక మనిషి ఐసీయూలో ఉంటే, బయట కూర్చున్న వాళ్లు డాక్టరును అడిగేది ఒక్కటే: "బతుకుతాడా అండీ?" సినిమాలో అయినా, నిజం ఆసుపత్రిలో అయినా జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది: "48 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం." తప్పించుకోవడానికి అన్న మాటలా వినిపిస్తుంది గానీ, ఈ జబ్బులో అంతకంటే నిజాయితీగల జవాబు మొదటి రోజు దొరకదు. వైద్యులు ఆ జవాబు దగ్గరికి రావడానికి చాలా కాలమే పట్టింది. మధ్యలో కొన్నాళ్లు, స్కాన్ చూసిన గంటలోనే శాతాల్లో చెప్పేయొచ్చని కూడా అనుకున్నారు.

స్ట్రోక్ రెండు రకాలు. రక్తనాళం మూసుకుపోయేది ఒకటి, పగిలేది ఇంకొకటి. ఆసుపత్రి బెంచీల మీద రెంటినీ కలిపి "బ్రెయిన్‌లో క్లాట్" అనేస్తుంటారు. పగిలే రకం తక్కువమందికి వస్తుంది గానీ, వచ్చినవాళ్లలో ఎక్కువమందిని చంపుతుంది. 2010లో అనేక దేశాల లెక్కలు కలిపి చూస్తే, నెల రోజుల్లోపు చనిపోయేవాళ్లు సుమారు 40 శాతమని తేలింది.

ఒకప్పుడు ఈ రకం సంగతి చనిపోయాక గానీ తెలిసేది కాదు. స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లో, హఠాత్తుగా కూలిపోయి చనిపోయినవాళ్ల తలలు తెరిచి చూసి, మెదడులో రక్తం గడ్డకట్టి ఉందని రాశాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు పరిస్థితి పెద్దగా మారలేదు. 1971 అక్టోబరు 1న లండన్ దగ్గరి ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంలో మొదటిసారి ఒక రోగి తలను స్కాన్ చేశారు. సీటీ వచ్చాక బయటపడిన విచిత్రం ఒకటుంది. చిన్న రక్తస్రావం వచ్చి బతికి ఇంటికి వెళ్లినవాళ్లు ముందునుంచీ ఉన్నారు, కానీ వాళ్లను నాళం మూసుకుపోయిన కేసుల కింద రాసేసేవారు. రక్తస్రావం అని కచ్చితంగా తేలేది ఎక్కువగా పోస్టుమార్టం బల్ల మీదే. బతికినవాళ్లు లెక్కలోకే రాకపోతే జబ్బు అసలు కంటే భయంకరంగా కనిపించక ఏమవుతుంది? ఈ పొరపాటును గుర్తుపెట్టుకోండి. ఇదే ఇంకో వేషంలో మళ్లీ వస్తుంది.

1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్, స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ ఇచ్చారు. ఇవాళ వాడే రూపంలో కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 వస్తుంది. 1993లో సిన్సినాటికి చెందిన జోసెఫ్ బ్రోడెరిక్ బృందం ఈ స్కేలునూ రక్తం పరిమాణాన్నీ జోడించి చూసింది. గడ్డ 60 మిల్లీలీటర్లు దాటి, కోమా స్కేలు 8 లేదా అంతకంటే తక్కువ ఉంటే నెలలోపు 91 శాతం మంది పోయారు. గడ్డ 30లోపు ఉండి, స్కేలు 9 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 19 శాతమే.

2001లో శాన్ ఫ్రాన్సిస్కోలో క్లాడ్ హెంఫిల్ బృందం దీన్ని చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత సులువు చేసింది. అది ఎలా పనిచేస్తుందో ఒక ఊహా రోగితో చూద్దాం. వయసు 58, బీపీ మాత్రలు ఎప్పుడో మానేశాడు. స్కాన్‌లో గడ్డ ఎక్కువ వెడల్పు ఉన్నచోట 5 సెంటీమీటర్లు, దానికి అడ్డంగా 4, పైనుంచి కిందికి 4. మూడూ గుణిస్తే 80, అందులో సగం 40 మిల్లీలీటర్లు. 30 దాటింది కాబట్టి ఒక పాయింటు. రక్తం మెదడు లోపలి నీటి గదుల్లోకి దిగింది, ఇంకో పాయింటు. గట్టిగా నొక్కితే కళ్లు తెరుస్తాడు: 2. మూలుగే తప్ప మాట లేదు: 2. నొప్పి పెట్టిన చోటికి చెయ్యి తెస్తాడు: 5. మొత్తం 9. స్కేలు 5 నుంచి 12 మధ్య ఉంటే ఒక పాయింటు, 3 లేదా 4 అయితే రెండు. గడ్డ మెదడు కింది భాగంలో ఉంటే ఇంకొకటి, వయసు 80 దాటితే మరొకటి. మన మనిషికి ఆ రెండూ లేవు. మొత్తం 3 పాయింట్లు.

పట్టికలో 3కి ఎదురుగా ఉన్న అంకె 72 శాతం. నెలలోపు చనిపోయే అవకాశం అది. 2కి 26, 4కి 97. మధ్యలో ఆ గెంతు చూశారా? ఒక్క పాయింటు తేడాతో "ఫర్వాలేదు" అన్నది "కష్టం" అయిపోతుంది. అంకెలన్నీ 152 మంది రోగుల నుంచి వచ్చినవి. అంతే. పైగా ఊపిరి గొట్టం వేసి, మత్తు ఇచ్చిన రోగికి మాటకు మార్కు ఎలా వేస్తారు? ఆ తక్కువ మార్కు జబ్బుదో మందుదో తేల్చడం కష్టం.

అదే 2001లో, అదే పడమటి తీరంలో సియాటిల్ నుంచి కైరా బెకర్ బృందం రాసిన వ్యాసం ఈ లెక్కల పునాదినే కదిలించింది. రక్తస్రావం వచ్చిన రోగుల్లో ఎవరు బతికారు, ఎవరు పోయారన్నది అన్నిటికంటే గట్టిగా దేనితో ముడిపడి ఉందని వాళ్లు చూశారు. తేలింది గడ్డ సైజు కాదు, వైద్యం ఎంతవరకు కొనసాగించారన్నది. స్కాన్ చూసి డాక్టరు "ఆశ లేదు" అంటారు. ఇంటివాళ్లు వెంటిలేటర్ తీసేయమంటారు. మనిషి పోతాడు. ఆ చావు "ఇలాంటి గడ్డ ఉన్నవాళ్లు బతకరు" అన్న లెక్కలో ఇంకో అంకె అవుతుంది. ఆ లెక్క చూపించి తర్వాతి వారికి కూడా ఆశ లేదంటారు. పోయేవాడే కదా అని వదిలేస్తే పోక ఏం చేస్తాడు?

దీన్ని దాచిపెట్టకుండా పట్టుకున్నవాళ్లలో హెంఫిల్ కూడా ఉన్నారు. నాకు ఈ కథ మొత్తంలో నచ్చిన విషయం అదే. 2004లో ఆయన బృందం కాలిఫోర్నియా ఆసుపత్రుల రికార్డులు చూసింది. గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చేయొద్దన్న ఆదేశాలు మొదటి రోజే ఎక్కువగా రాసే ఆసుపత్రుల్లో చేరితే, ఆ రోగికి అలాంటి ఆదేశం ఉన్నా లేకపోయినా, చనిపోయే అవకాశం ఎక్కువని తేలింది. అంటే ఆ ఆసుపత్రి అలవాటే ఒక ప్రమాదం. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో, కొత్తగా అలాంటి ఆదేశం రాయాలంటే కనీసం రెండో పూర్తి రోజు దాకా ఆగమని చెప్పారు. మన డాక్టరు గారి 48 గంటలకు పుస్తకంలో దొరికే దగ్గరి చుట్టం ఇదే. 2015లో అదే సంస్థ మార్గదర్శకాలు రాసిన బృందానికి హెంఫిలే నాయకుడు. 2015లోనే వచ్చిన ఇంకో అమెరికన్ అధ్యయనంలో, స్కేలు 12 లేదా తక్కువ ఉన్న 109 మందికి అయిదు రోజులపాటు ఏ వైద్యమూ ఆపకుండా చేశారు. స్కోరు ప్రకారం నెలలో సగం మంది పోవాలి. పోయింది అయిదో వంతు.

మన దగ్గర ఇదే వలయం ఇంకో దారిలో తిరుగుతుంది. వైద్యం ఆపడానికి చట్టపరమైన దారి 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో గానీ స్పష్టం కాలేదు. 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులువు చేశారు. కానీ చాలా కుటుంబాల్లో సంగతి ఆ కాగితాల దాకా వెళ్లదు. రోజు బిల్లు, అప్పు, "ఇంకెన్నాళ్లండీ?" అన్న ప్రశ్న, ఆ తర్వాత "మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం" అన్న సంతకం. అంబులెన్సులో ఒక తమ్ముడో అల్లుడో గాలి సంచి నొక్కుతూ ఊరికి బయలుదేరతాడు. స్కోరులో డబ్బుకు పాయింటు లేదు. ఎనభై ఏళ్ల వయసుకు ఒకటుంది, అది యాభైల్లోనే నరం చిట్లే మనవాళ్లలో చాలామందికి వర్తించదు.

బతికినవాళ్ల సంగతి ఆలస్యంగా మొదలైంది. కోలుకోవడాన్ని కొలిచే కొలబద్ద స్కాట్లాండ్ వైద్యుడు జాన్ రాంకిన్ 1957లో ఇచ్చినదే. దాన్ని తర్వాత కొంచెం సవరించారు: 0 అంటే ఏ ఇబ్బందీ లేదు, 3 అంటే కొంత సాయం కావాలి గానీ తనంతట తాను నడుస్తాడు, 5 అంటే మంచమే, 6 చావు. చాలా అధ్యయనాలు మూడు నెలల దగ్గర ఆపేసేవి. రక్తస్రావానికి అది తొందర. గడ్డ చుట్టుపక్కల భాగాన్ని నొక్కి, వాపు తెస్తుంది. అది కరిగి, వాపు తగ్గాక గానీ ఏం మిగిలిందో తెలియదు. రెండు పెద్ద ప్రయోగాల్లో పాల్గొన్న రోగులను 2022లో మళ్లీ పరిశీలిస్తే, నెల రోజుల నాడు 4, 5 దగ్గర ఉన్నవాళ్లలో 40 శాతానికి పైగా ఏడాదికి 3 లేదా అంతకంటే మెరుగైన స్థితికి వచ్చారు. ప్రయోగాలకు ఎంచుకున్న రోగులు కాబట్టి అందరికీ అంత ఆశ చెప్పలేం. అయినా నెలకే తీర్పు చెప్పి ఉంటే వాళ్లందరూ తప్పు గడిలో ఉండేవారు.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో 2017లో, పూర్తి వైద్యం అందినవాళ్ల నుంచే లెక్కలు తీసి కొత్త స్కోరు కట్టారు. అది ఏడాది తర్వాతి స్థితిని అంచనా వేస్తుంది. 2023లో భారత్‌తో సహా పది దేశాల్లో ఏడు వేల మందితో జరిగిన ప్రయోగంలో కొత్త మందేమీ లేదు. బీపీ, షుగరు, జ్వరం వెంటనే అదుపు చేయడం, రక్తం పలచబరిచే మాత్రల ప్రభావాన్ని విరవడం, అంతే. ఆరు నెలల నాటికి రోగుల స్థితి మెరుగైంది.

పాత స్కోరు మాత్రం పోలేదు. ఫోన్ యాప్‌లో అయిదు ప్రశ్నలకు వేలు తాకిస్తే చాలు, మన 58 ఏళ్ల మనిషికి ఇవాళ కూడా అదే 72 వస్తుంది.