ఉప్పల్ చౌరస్తా: స్కైవాక్ వచ్చినా తెగని పేచీ

హైదరాబాద్‌లోని ఉప్పల్ రింగ్ దగ్గర పాదచారుల భద్రత చర్చకు వచ్చిన ప్రతిసారీ మాట ఒక్కచోటికే చేరుతోంది: కోట్లు పోసి స్కైవాక్ (నడిచేవారి కోసం రోడ్డుపైన వేసిన వంతెన) కట్టించాక కూడా జనం కిందినుంచే ఎందుకు దాటుతున్నారు? ప్రశ్నను ఇలా వేయడంతోనే తప్పు నడిచేవాడి ఖాతాలో పడిపోతుంది. సికింద్రాబాద్, రామంతాపూర్, ఎల్బీనగర్, వరంగల్ దారులు కలిసే ఈ కూడలి ఒకప్పుడు శివారు, ఇప్పుడు నగరంలో భాగం. నేటి పేచీకి అసలు మూలం తెలియాలంటే 2017 నవంబరుకు వెళ్లాలి.

ఆ నెల 28న మెట్రో తొలి దశ ప్రారంభమైంది. అంతకుముందు వరంగల్, యాదగిరిగుట్ట వైపు నుంచి బస్సులో వచ్చేవారిలో చాలామందికి ఉప్పల్ దారిలో తగిలే ఒక స్టాపు మాత్రమే; మెట్రో వచ్చాక అది బస్సు దిగి రైలెక్కే చోటుగా మారింది. బస్సు ఆగేది ఒక దారిలో, స్టేషను ఉన్నది మరో దారిలో. నడుమ ఉన్న రోడ్లను మనిషి ఎలా దాటాలన్నది స్టేషనుతో పాటే తేలవలసిన విషయం, కానీ తేలలేదు. షేర్ ఆటోలు ఎడమ అంచును ఆక్రమించుకుంటే బస్సు రోడ్డు మధ్యకు జరిగి ఆగుతుంది. సంచులు పట్టుకుని దిగినవారు బస్సుకూ ఆటోకూ మధ్య సందులోంచి, ఆ సందులోనే దూరే బైకులను కాచుకుంటూ, బయటపడాలి.

మరుసటి ఏడాది మే నెలలో ఉప్పల్ నుంచి నారపల్లి వరకు సుమారు 6 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు (స్తంభాలపై సాగే రహదారికి) శంకుస్థాపన జరిగింది. పనులు మధ్యలో నిలిచిపోయి స్తంభాలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోగా, కింద మిగిలిన ఇరుకు దారి గుంతలతో, దుమ్ముతో వాహనాలకే చాలలేదు. నడిచేవారి మాట చెప్పనక్కరలేదు.

మెట్రో వచ్చిన ఐదున్నరేళ్లకు, 2023 జూన్ 26న, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) సుమారు రూ. 25 కోట్లతో నిర్మించిన 660 మీటర్ల స్కైవాక్ ప్రారంభమైంది. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయని, వాహనాల రాకపోకలకు అడ్డు లేకుండా నేరుగా మెట్రో స్టేషనుకు చేరవచ్చని దానిని సమర్థించేవారు చెబుతారు. ఆ మాట నిజమే. రైలెక్కవలసినవారికి అది మేలే చేసింది. అయితే ఎదుటి స్టాపులో మరో బస్సు అందుకోవలసినవారికి, కూరగాయల కోసం అవతలికి వెళ్లేవారికి పైకెక్కి, చుట్టు తిరిగి, మళ్లీ దిగడం అదనపు నడక. మోకాళ్ల నొప్పులున్న మనిషి లిఫ్టు ఎక్కడుందో వెతుక్కోవడం కంటే డివైడర్ దాటడమే సులువనుకోవడాన్ని క్రమశిక్షణ లేకపోవడంగా కొట్టిపారేయలేం.

నిజానికి ఈ సంగతి ఇంజినీర్లకు కొత్తది కాదు. స్కైవాక్ కంటే చాలా ముందే, 2012లో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సవరించిన పాదచారుల మార్గదర్శకాలు, నేలమీదే దాటే ఏర్పాటుకు మొగ్గు చూపాయి. వాహనాల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనిషిని పైకి పంపి కింద వేగాన్ని యథాతథంగా వదిలేస్తే, కిందినుంచి దాటక తప్పనివారికి ముప్పు తగ్గదు. బస్సులు రోడ్డు పక్కకు జరిగి ఆగేందుకు విడిగా బే, ఆటోలకు వేరే చోటు, డివైడర్ దగ్గర ఆగి నిలబడేందుకు కాస్త జాగా, నడిచేవారికి సరిపడేంతసేపు వెలిగే సిగ్నల్ వంటివి స్కైవాక్‌తో పోలిస్తే చవకైన పనులు; శిలాఫలకం వేయడానికి మాత్రం పనికిరావు.

దేశంలో 2023లో రోడ్డు ప్రమాదాల్లో 1.72 లక్షల మందికి పైగా మరణించగా, వారిలో 35 వేల మందికి పైగా పాదచారులే. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే సంబంధిత అధికారిక సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంటు రూ. లక్ష వరకు జరిమానాకు బాధ్యులని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షన్ చెబుతోంది. ఉప్పల్‌లో మాత్రం స్కైవాక్ ఒకరిది, జాతీయ రహదారి మరొకరిది, మెట్రో ఇంకొకరిది, సిగ్నళ్లు ట్రాఫిక్ పోలీసులవి. కిందినుంచి దాటేవారి బాధ్యత వీరిలో ఎవరిదన్నది తేల్చకుండానే జనం దాటకుండా డివైడర్ రైలింగ్ ఎత్తు పెంచాలా వద్దా అన్న వాదన సాగుతోంది.